ఐదు బ్లాకుల పద్ధతి: రీచీ మహ్‌జాంగ్‌లో ఏళ్ల తరబడి వాడాక

రీచీ మహ్‌జాంగ్ (టైళ్లతో నలుగురు ఆడే జపాన్ ఆట) నేర్చుకునేవాళ్లకు మొదట చెప్పేది ఐదు బ్లాకుల లెక్కే. గెలిచే చేతికి నాలుగు సెట్లు (మూడు వరస టైళ్లు గానీ మూడు ఒకేలాంటివి గానీ), ఒక జత కావాలి. కాబట్టి చేతిలో ఉన్నదాన్ని ఐదు బ్లాకులుగా (సెట్, జత, లేదా సెట్ కాబోయే రెండు టైళ్లు) విడదీసి చూసుకోవాలి, ఆరోది కనబడితే అందులో బలహీనమైనదాన్ని వదిలెయ్యాలి. తెన్‌హో, మహ్‌జాంగ్ సోల్ అనే ఆన్‌లైన్ వేదికల్లో ఏళ్ల తరబడి ఈ పద్ధతే వాడాక నా మాట ఇది: మొదటి ఆరు వంతుల (టైల్ తీసి ఒకటి కొట్టే ఛాన్సుల) వరకూ దీన్ని మించింది లేదు. ఆ తర్వాత కూడా దీన్నొక్కదాన్నే నమ్ముకుంటే మునగడం ఖాయం. ఈ పద్ధతి వేగాన్ని కొలుస్తుంది. చేతి విలువనీ, టైల్ ప్రమాదాన్నీ అసలు పట్టించుకోదు.

ఒక చేతిని దగ్గరగా చూద్దాం. మాన్, పిన్, సో అనేవి టైళ్ల మూడు రంగులు. మాన్ 2-3-4, మాన్ 6-7, పిన్ 3-5, పిన్ 8-9, సో 4-5-6, సో 8-8. డోరా (చేతికి అదనపు విలువ ఇచ్చే టైల్) సో 6. మొత్తం 14 టైళ్లు, ఆరు బ్లాకులు. పిన్ 3-5కి 4 కావాలి, పిన్ 8-9కి 7 కావాలి. రెండింటికీ నాలుగేసి టైళ్లే. ఏది వదిలినా మిగిలిన చేతిని తెన్‌పాయ్‌కి (ఇంకొక్క టైల్ వస్తే గెలిచే స్థితికి) చేర్చేవి 12 టైళ్లే. బ్లాకుల లెక్కలో రెండూ సమానం.

పాయింట్లలో మాత్రం రెండింటికీ పోలికే లేదు. 3-5 ఉంచుకుని ముందు పిన్ 4 వస్తే మాన్ 5-8 మీద (5 గానీ 8 గానీ వస్తే గెలుపు) రీచీ, అంటే తెన్‌పాయ్ అయ్యానని ప్రకటించడం. రీచీ, తాన్యావ్ (2 నుంచి 8 వరకే ఉన్న చేయి), పిన్ఫు (అన్నీ వరసలే, రెండు వైపుల ఎదురుచూపు), డోరా కలిపి 7700. ముందు మాన్ నిండి చివరికి పిన్ 4 కాన్‌చాన్ (మధ్య టైల్ కోసం ఎదురుచూపు) మిగిలినా 5200. అదే 8-9 ఉంచుకుంటే తాన్యావ్ పోతుంది. మంచి వెయిట్ (గెలుపు టైల్ కోసం ఎదురుచూపు) మిగిలితే 3900, పెన్‌చాన్ (8-9 లాంటి అంచు ఎదురుచూపు) మిగిలితే 2600. ఎర్ర ఐదుల (డోరాలుగా లెక్కకొచ్చే 5ల) సంగతి పక్కనబెడితే, ఒకే వేగానికి దాదాపు సగం కూలి. పైగా 3-5కి పిన్ 2 గానీ 6 గానీ వచ్చి అతికితే ర్యాన్‌మెన్ (రెండు వైపులా నిండగల బ్లాకు) అవుతుంది. 8-9కి ఆ దారి కూడా ఇరుకే.

మరి 8, 9లలో ముందు ఏది కొట్టాలి? ఈ ప్రశ్న చాలామంది వేసుకోరు, చేతికొచ్చింది కొట్టేస్తారు. 8 ఉంచుకుంటే పిన్ 7 వచ్చినప్పుడు 7-8 అనే మంచి బ్లాకు దొరుకుతుంది, 9తో వస్తే తాన్యావ్ పోయినా సరే. 9 ఉంచుకుంటే ఆ లాభం లేదు కానీ చేతిలో కాస్త తక్కువ ప్రమాదమున్న టైల్ మిగులుతుంది. 9ని పట్టగలిగేవి 7-8 ర్యాన్‌మెన్, షాన్‌పోన్ (రెండు జతల్లో ఒకటి మూడు కావడం కోసం ఎదురుచూపు), తాంకీ (జత కోసం ఎదురుచూపు) మాత్రమే. 8కి వీటిలాంటివాటితో పాటు 7-9 కాన్‌చాన్ కూడా తోడవుతుంది. నాలుగో వంతు లోపల అయితే 9 ముందు కొడతాను. ఎవరైనా అప్పటికే 4, 5, 6లు వరసగా వదులుతున్నా, రెండు పోన్‌లు (వేరేవాళ్లు వదిలిన టైల్‌తో ఒకేలాంటివి మూడు చేసుకోవడం) తీసుకున్నా, 8 ముందు. తర్వాత మూడోది కనిపించిన గాలి టైల్ (తూర్పు, పడమర లాంటి దిక్కుల టైల్) ఏదైనా నా చేతికొస్తే 9ని తీసేసి దాన్ని ఆ ఖాళీలో పెట్టుకుంటాను. నాలుగోదాన్ని తాంకీగా పట్టుకున్నవాడికి తప్ప అది తగలదు. కొకుషి (1, 9, గాలి, డ్రాగన్ టైళ్లతో కట్టే అరుదైన చేయి) సంగతి వేరే.

రమ్మీ ఆడేవాళ్లకు డ్రాప్ ధర ముందే తెలుసు: మొదట్లో అయితే 20, మధ్యలో అయితే 40. ఇక్కడ వెనక్కి తగ్గడానికి ధర పట్టిక లేదు, అందుకే చాలామంది దాన్ని ఉచితం అనుకుంటారు. మీరు తగ్గాక ఎదుటివాడు మాంగన్ (పెద్ద విలువున్న చేయి) త్సుమో (తనే తీసిన టైల్‌తో గెలుపు) కొడితే 2000 పోతాయి, డీలర్ మీరైతే 4000. చేయి ఎవరూ గెలవకుండా ముగిసి అతనొక్కడే తెన్‌పాయ్‌లో ఉంటే ఇంకో 1000. అయినా తగ్గడం చాలాసార్లు చౌకే. ఎంత చౌకో తెలియాలంటే ముందుకెళ్లే ధర కట్టాలి.

దానికి నేను వాడేది గీతల లెక్క. ఒక్కో రంగులో ర్యాన్‌మెన్ గీతలు ఆరు: 1-4, 2-5, 3-6, 4-7, 5-8, 6-9. మూడు రంగులకు 18. రీచీ వేసినవాడు వదిలినవీ, రీచీ తర్వాత మిగతావాళ్లు వదిలినా అతను పట్టుకోనివీ తీసేస్తే బతికున్న గీతలు తేలతాయి. ఏ గీతా చావని 5 రెండు గీతల మీద కూర్చుంటుంది: 2-5, 5-8. బతికున్నవి 16 ఉన్నప్పుడు అది 16లో 2. ఎనిమిదే మిగిలినప్పుడు 8లో 2. రీచీల్లో ర్యాన్‌మెన్‌లు సగానికి కాస్త ఎక్కువ అనుకుంటే, మొదటి సందర్భంలో సుమారు పద్నాలుగింట ఒకసారి, రెండోదానిలో ఏడింట ఒకసారి తగులుతుంది. అతని చేయి 5200 అనుకుంటే ఒక్క 5 కొట్టే ఖరీదు మొదట 370 దగ్గర, తర్వాత 740 దగ్గర. అదే టైల్, అదే మనిషి. నాలుగైదు వంతులు దాటేసరికి ఖరీదు రెట్టింపు.

ఇప్పుడు మన వైపు చూడండి. పైన చెప్పిన 7700 చేయి మాన్ 5-8 మీద తెన్‌పాయ్‌లో ఉంటే, పదింట నాలుగుసార్లు గెలుస్తుందనుకున్నా 3000 పైనే. ఒకటి రెండు 5లు కొట్టొచ్చు. అదే రీచీ తప్ప ఇంకేమీ లేని కాన్‌చాన్ చేయి 1300. పదింట రెండుసార్లు గెలిస్తే 260. ఒక్క టైల్ ఖరీదు కూడా రాదు. తెన్‌పాయ్, మంచి వెయిట్, విలువ, ఈ మూడింటిలో రెండు ఉంటే వెళ్లు, లేకపోతే తగ్గు అనే పాత సూత్రం ఈ లెక్కకు పొట్టి రూపమే. వాడుకలో బాగానే నిలబడుతుంది. ఒక్క సవరణ: ఎదుటివాడు డీలర్ అయితే అతని చేయి ఒకటిన్నర రెట్లు, కాబట్టి రెండు చాలవు, మూడూ ఉండాలి.

అందరూ బోల్తా పడేది ఒక షాంతెన్ దగ్గర. తెన్‌పాయ్‌కి ఒక టైల్ దూరంలో ఉన్నామని ప్రమాదకరమైనది కొడతారు. తెన్‌పాయ్ అయ్యేటప్పుడు ఇంకొకటి కొట్టాల్సి వస్తుంది. ఖరీదు రెండుసార్లు, గెలుపు మాత్రం సగమే. ఒక్కరికి 17, 18 వంతులు మించి రావని గుర్తుంటే, పదో వంతులో ఒక షాంతెన్ అనేది కనబడినంత దగ్గర కాదని తెలుస్తుంది.

చీ (పక్కవాడు వదిలిన టైల్‌తో వరస చేసుకోవడం), పోన్ తీసుకునే చేతుల్లో ఐదు బ్లాకుల పద్ధతి ఇంకా గుడ్డిది. రెండుసార్లు తీసుకున్నాక చేతిలో ఏడే టైళ్లు. రీచీ వస్తే తగ్గడానికి గెన్‌బుట్సు (రీచీ వేసినవాడే వదిలాడు కాబట్టి అతనికి తగలని టైల్) దొరకడమే కష్టం. తాన్యావ్ ఒక్కటే ఉన్న చేయిని 1000 కోసం తెరిచి, డీలర్ రీచీకి 12000 ఇచ్చుకోవడం రోజూ కనబడే దృశ్యం. డోరా రెండుంటే తెరవొచ్చు. లేకపోతే ఆ ఏడింటిలో రెండు సురక్షితంగా ఉండాలి.

చివరిగా, ఎక్కడ ఆడుతున్నామన్నది లెక్కనే మార్చేస్తుంది. తెన్‌హోలో పై స్థాయి అయిన ఫీనిక్స్ గదిలో ఏడో దాన్ (ర్యాంకు) ఆటగాడికి హాన్‌చాన్‌లో (తూర్పు, దక్షిణం రౌండ్లున్న ఆటలో) ర్యాంకు పాయింట్లు మొదటి స్థానానికి +90, రెండోదానికి +45, మూడోదానికి 0, నాలుగోదానికి -135. అక్కడ నాలుగో స్థానం తప్పించుకోవడమే ఆట. దక్షిణం 3లో (చివరి చేతికి ముందు చేతిలో) మూడో స్థానంలో ఉండి వెనకవాడికంటే 6000 ముందుంటే, 3900 తెన్‌పాయ్‌ని కూడా విరిచెయ్యొచ్చు. జపాన్‌లో 2018లో మొదలైన ప్రొఫెషనల్ పోటీ ఎం-లీగ్‌లో చేతి పాయింట్లు కాక మొదటి స్థానానికి +50, రెండోదానికి +10, మూడోదానికి -10, నాలుగోదానికి -30. అక్కడ మూడుకీ నాలుగుకీ తేడా 20, ఒకటికీ రెండుకీ 40. అదే తెన్‌పాయ్‌ని అక్కడ విరిస్తే వ్యాఖ్యాతలు ఊరుకోరు. ఎం-లీగ్ ఆటలు చూసి ఎత్తులు నేర్చుకుని తెన్‌హోలో వాడేవాళ్లు ముందు ఈ రెండు పట్టికలూ పక్కపక్కన పెట్టుకుని, ఆ తర్వాత బ్లాకులు లెక్కపెట్టుకోవడం మంచిది.