పాత సీపీయూకి కొత్త మానిటర్: కన్వర్టరా, గ్రాఫిక్స్ కార్డా?

సీపీయూ వెనక 15 రంధ్రాల నీలం వీజీఏ పోర్టు ఒక్కటే ఉంది, కొత్త మానిటర్‌కేమో హెచ్‌డీఎంఐ. వీజీఏ సిగ్నల్‌ని హెచ్‌డీఎంఐగా మార్చే కన్వర్టరా, హెచ్‌డీఎంఐ పోర్టున్న గ్రాఫిక్స్ కార్డా, ఏది కొనాలి?

ఖర్చు: కన్వర్టర్‌కి వందలు, కార్డుకి వేలు.

శ్రమ: కన్వర్టర్ తగిలిస్తే చాలు. వీజీఏలో సౌండ్ రాదు కాబట్టి ఆడియో పిన్ను, కరెంటుకి యూఎస్‌బీ కూడా గుచ్చాలి. కార్డుకైతే క్యాబినెట్ విప్పాలి.

రిస్కు: చిప్ లేని ఉత్త కేబుల్ దయచేసి కొనకండి. వీజీఏది అనలాగ్ సిగ్నల్, హెచ్‌డీఎంఐకి డిజిటల్ కావాలి. దానంతటది మారిపోదు, తెర నల్లగానే ఉంటుంది. ‘హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏ’ది తెచ్చుకున్నా అంతే, అది వెనక్కి పనిచేయదు. కార్డుకి మదర్‌బోర్డు మీద పొడవాటి పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటు ఉండాలి. జీటీ 710 లాంటి చిన్న కార్డు అయితే 19 వాట్లే, పాత ఎస్‌ఎంపీఎస్ (సీపీయూకి కరెంటిచ్చే పెట్టె) మోస్తుంది.

బిల్లింగు, అప్పుడప్పుడు మెయిళ్లు అయితే కన్వర్టర్. కన్వర్టర్‌తో అక్షరాలు కాస్త మసకగా కనిపించొచ్చు కాబట్టి, రోజంతా అక్షరాలు చదివే కళ్లకి కార్డే.