'క్లోజ్డ్' విశేషణమా, క్రియా? ఏ పరీక్ష మేలు?

"ది షాప్ వాజ్ క్లోజ్డ్ ఎట్ సిక్స్." ఈ వాక్యానికి రెండు అర్థాలున్నాయి. దుకాణాన్ని ఆరింటికి మూసేశారన్నది ఒకటి. ఆరింటికే అది మూసి ఉందన్నది రెండోది. మొదటి అర్థంలో 'క్లోజ్డ్' పాసివ్ క్రియ, రెండో అర్థంలో క్రియ నుంచి పుట్టిన విశేషణం. రూపం ఒక్కటే కాబట్టి పరీక్ష పెట్టి తేల్చుకోవాలి. అయితే అన్ని పరీక్షలనూ ఒకేలా నమ్మలేం.

చాలామంది ముందుగా వెతికేది 'బై'; అది ఉంటే క్రియ, లేకపోతే విశేషణం అనుకుంటారు. నా దృష్టిలో అన్నిటికంటే బలహీనమైన ఆధారం అదే. "ది రోడ్ వాజ్ రిపేర్డ్ లాస్ట్ వీక్"లో 'బై' లేదు, అయినా అది క్రియే. "ఐ వాజ్ వెరీ ఇంప్రెస్డ్ బై ది స్పీచ్"లో 'బై' ఉంది, కానీ ముందు 'వెరీ' ఇమిడింది కనుక 'ఇంప్రెస్డ్' విశేషణమే.

ఆ 'వెరీ' పరీక్ష మనోభావాల దగ్గర చక్కగా పనిచేస్తుంది. వెరీ వరీడ్, వెరీ టైర్డ్, వెరీ సర్‌ప్రైజ్డ్ అంటాం. ఎక్కువ తక్కువలు లేని స్థితుల దగ్గర మాత్రం అది చేతులెత్తేస్తుంది. తలుపును ఎవరూ 'వెరీ క్లోజ్డ్' అనరు. అనరు కాబట్టి అది క్రియ అనుకుంటే పొరపాటే.

వస్తువుల విషయంలో నేను నమ్మేది జంట పరీక్షను. 'వాజ్' తీసేసి 'రిమెయిన్డ్' పెట్టి చూడాలి, లేదా 'వాజ్' పక్కన 'బీయింగ్' చేర్చి చూడాలి. "ది గేట్ వాజ్ లాక్డ్, సో వి వెయిటెడ్ అవుట్‌సైడ్" తీసుకోండి. ఇక్కడ 'రిమెయిన్డ్ లాక్డ్' అన్నా గేటు స్థితి మారదు, కనుక విశేషణం. 'వాజ్ బీయింగ్ లాక్డ్' అంటే మాత్రం మన కళ్ల ముందే ఎవరో తాళం వేస్తున్నట్టు కథే మారిపోతుంది. "ది గేట్ వాజ్ లాక్డ్ బై ది వాచ్‌మన్ ఎట్ టెన్" దగ్గర ఫలితం తిరగబడుతుంది. 'బీయింగ్' సులువుగా ఇముడుతుంది, 'రిమెయిన్డ్' అతకదు. అది క్రియ.

మనకు తెలుగు కూడా ఆసరా. 'తాళం వేసి ఉంది' అని తోస్తే విశేషణం, 'తాళం వేశారు' అని తోస్తే క్రియ. వస్తువుల వరకు ఇది 'బై'కన్నా ఎంతో నయం. మనోభావాల దగ్గరే దీనితో చిక్కు. 'ఐ వాజ్ సర్‌ప్రైజ్డ్'ను మనం 'ఆశ్చర్యపోయాను' అని క్రియతోనే చెబుతాం కాబట్టి ఇంగ్లీషులోనూ అది క్రియేనని భ్రమపడతాం. అక్కడ తెలుగును పక్కనపెట్టి 'వెరీ'నే నమ్ముకోవడం మంచిది.

ముందు 'అన్' ఉన్న మాటలు చాలావరకు తేలిక. 'అన్‌ఓపెన్' అనే క్రియ లేదు, అందుకే 'అన్‌ఓపెన్డ్ లెటర్'లో ఉన్నది విశేషణమే. 'అన్‌టైడ్' అలా కాదు. 'అన్‌టై' అనే క్రియ ఉంది కాబట్టి దానికి మళ్లీ 'రిమెయిన్డ్', 'బీయింగ్' పెట్టి చూడాల్సిందే.