కరెంటు గ్రైండరా, గాలి గ్రైండరా? ఆరేళ్లు రెండూ వాడాక

ఒంగోలులో మాది చిన్న షెడ్డు. పాత జీపులు, అంబాసిడర్లు, చేతక్ స్కూటర్లు వస్తుంటాయి. కొత్తపట్నం వైపు నుంచి వచ్చే బండ్లకు పైన రంగు నిగనిగలాడుతుంటుంది, కింద ఫ్లోరు రేకు మాత్రం జల్లెడ. ఉప్పుగాలి మహిమ. ఆ తుప్పు గీకడానికి కరెంటు గ్రైండరూ, కంప్రెసర్ గాలితో తిరిగే గ్రైండరూ రెండూ వాడుతున్నాను.

గాలిదే కొనమని మొదట్లో నాకు చెప్పినవాళ్లెవరూ కంప్రెసర్ సంగతి ఎత్తలేదు. రంగు కొట్టడానికి ఒక హెచ్‌పీది ఉంది కదా, చాల్లే అనుకున్నాను. డై గ్రైండర్ (చేతిలో ఇమిడే చిన్న గాలి గ్రైండర్) తగిలించి మీట నొక్కితే గుయ్యిమని లేచింది. నిమిషం తిరక్కుండానే గొంతు పడిపోయింది. గేజీ చూస్తే గాలి ఒత్తిడి 90 పీఎస్ఐ ఉండాల్సింది 60కి దిగింది. గ్రైండర్ తిరిగినంతసేపూ గాలి తాగుతూనే ఉంటుంది మరి. చిన్నదానికైనా నిమిషానికి ఐదారు ఘనపుటడుగులు కావాలి, ఒక హెచ్‌పీది మూడు నాలుగు ఇస్తే గొప్ప. నిమిషం పని, మూడు నిమిషాలు ఎదురుచూపు. చివరికి మూడు హెచ్‌పీది కొన్నాను. గ్రైండర్ ధరకు ఎన్నో రెట్లు దానికే పోసినట్టయింది. దాని మోతకు పక్కింటి పెద్దాయన ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడడు.

కరెంటుదానికి ఈ బాధ లేదు. నాలుగంగుళాలది, నిమిషానికి పదకొండు వేల చుట్లు తిరిగేది. ప్లగ్గు పెట్టి, కప్ బ్రష్ (గిన్నె ఆకారపు ఇనప తీగల బ్రష్) బిగించి జీపు ఛాసిస్ మీద ఆనిస్తే తుప్పు పెచ్చులు పెచ్చులుగా రాలుతుంది. ఆ పనిలో గాలిది దాని ముందు నిలవదు. కాకపోతే బ్రష్ తీగలు ఊడి ఎగురుతాయి. ఒకసారి రాత్రి అన్నం తింటుంటే చొక్కాలో ఏదో గుచ్చుకుంది. చూస్తే అంగుళం తీగ. అద్దాలు పెట్టుకోకుండా ఆ బ్రష్ ముట్టుకోకండి.

రోహిణి కార్తెలో పదిహేను నిమిషాలు ఆపకుండా నడిపితే దాన్ని చేత్తో పట్టుకోలేం. ఇనప పొడి లోపలికి చేరి రెండేళ్లకు ఒకదాని ఆర్మేచర్ (మోటారులో తిరిగే చుట్ట) కాలింది. మోటారు లోపలి కార్బన్ బ్రష్‌లైతే అరిగేవే, ఒక జత ఎప్పుడూ డ్రాయరులో ఉంచుతాను. గాలిదాని నుంచి వచ్చే గాలి చల్లగా ఉంటుంది, మే నెలలో అదొక సుఖం.

డోరు రేకు దగ్గరికొస్తే లెక్క మారుతుంది. మందం మిల్లీమీటరు అటూఇటూ. కరెంటుదానికి ఫ్లాప్ డిస్కు (గరుకు పట్టీలు అతికించిన చక్రం) పెట్టి ఒకేచోట కాసేపు ఆనిస్తే రేకు నీలంగా మారి వంకరపోతుంది. ఆ తర్వాత టింకరింగు, పుట్టీ, తలనొప్పి. గాలిదానికి మీట ఎంత నొక్కితే అంత వేగం. రెండంగుళాల డిస్కుతో డోరు అంచుల్లోకి, ఛాసిస్ మూలల్లోకి వెళ్తుంది. బండి కింద పడుకుని చెయ్యి పైకెత్తి చేసే పనికి ఆ తేలిక బరువు వరమే.

ఇంకో సంగతి. ఓ రోజు పని మధ్యలో కరెంటు పోయింది. మావాడు స్లైడు స్విచ్చి ఆపకుండానే గ్రైండర్‌ను బల్ల మీద పెట్టి టీకి వెళ్లాడు. కరెంటు రాగానే అది తనంతట తానే లేచి బల్ల మీంచి దూకింది. "అన్నా, దయ్యం పట్టిందన్నా దానికి!" అని అరిచాడు. అదృష్టం, ఎవరి కాలూ అక్కడ లేదు. అప్పటి నుంచి వేలు తీస్తే ఆగిపోయే స్విచ్చి ఉన్నవే కొంటున్నాను. గాలివాటిలో నేను వాడినవన్నీ అలాంటివే.

అలాగని గాలిది నిశ్చింత కాదు. మన తేమకు ట్యాంకులో నీళ్లు ఊరుతాయి. ఓ తుఫాను వారంలో అంబాసిడర్ బోనెట్ తళతళలాడేలా గీకి ఇంటికెళ్లాను. పొద్దున చూస్తే రేకు మీద నారింజ రంగు చుక్కలు. గ్రైండర్ నోటి నుంచి పడిన తుంపర్లు! మళ్లీ మొదటి నుంచి గీకాను. ఇప్పుడు లైనులో నీటి ఫిల్టరు పెట్టాను, ట్యాంకు కింద కాక్ రోజూ సాయంత్రం తిప్పుతాం. ఇంకా పొద్దున్నే గ్రైండర్‌లో నాలుగు చుక్కల నూనె. మరిచిపోతే లోపలి రెక్కలు పట్టేస్తాయి. ఆ నూనె తుంపర కూడా రేకు మీద పడుతుంది, అందుకే ప్రైమర్‌కు ముందు థిన్నర్ గుడ్డతో తుడవాల్సిందే.

ఇంట్లో ఒక్క చేతక్కో, జీపో బాగుచేసుకునేవాళ్లు గాలిదాని జోలికి పోవద్దు. ఆ డబ్బుతో కరెంటువి రెండు కొనండి. ఒకదానికి కప్ బ్రష్, ఇంకోదానికి ఫ్లాప్ డిస్కు బిగించి ఉంచితే, మాటిమాటికీ విప్పి బిగించే పని తప్పుతుంది.