బ్యాటరీ లెక్కకు ఏది మేలు: వోల్టేజీ చూడడమా, కరెంట్ కూడడమా?

నా పాత ఫోన్ 30 శాతం చూపిస్తూనే, కెమెరా తెరిచి ఫ్లాష్ వెలిగించగానే చప్పున ఆరిపోయేది. బ్యాటరీ పోయిందనుకున్నాను. తర్వాత డ్రైవర్ (బ్యాటరీ రీడింగ్ తీసుకునే ప్రోగ్రామ్) కోడ్ తిరగేస్తే, వోల్టేజీని ఒక పట్టికలో వెతికి శాతం చెప్పేస్తోంది, అంతే!

ఈ పద్ధతి చవక, అదనపు భాగాలు అక్కర్లేదు. కానీ లిథియం బ్యాటరీ వోల్టేజీ మధ్య భాగంలో దాదాపు కదలదు. కొద్ది మిల్లీవోల్టుల తేడాకే శాతం బాగా మారిపోతుంది. పైగా లోపలి రెసిస్టెన్స్ 0.1 ఓమ్ ఉండి 1.5 ఆంపియర్లు లాగితే 0.15 వోల్టు అక్కడే పడిపోతుంది. పట్టికకు అది బ్యాటరీ ఖాళీ అయినట్టే కనిపిస్తుంది. మ్యాక్స్17040 లాంటి బ్యాటరీ శాతం చెప్పే చిప్‌లు కూడా వోల్టేజీనే నమ్ముకుంటాయి, కాకపోతే బ్యాటరీ ఎలా ప్రవర్తిస్తుందో చెప్పే లెక్క (మోడల్) ఒకటి లోపల పెట్టుకుని ఈ తిప్పలు కొంత తగ్గిస్తాయి.

రెండోది కూలుంబ్ కౌంటర్. బ్యాటరీ దారిలో చిన్న రెసిస్టర్ పెట్టి, దాని మీద పడే వోల్టేజీని బట్టి కరెంట్ కొలిచి, వచ్చిందీ పోయిందీ కూడుతూ ఉంటుంది. లోడ్ ఎంతున్నా బెదరదు. దీని బలహీనత వేరే చోట ఉంది. 10 మిల్లీఓమ్‌ల రెసిస్టర్ మీద 1 మిల్లీఆంపియర్‌కు పడేది 10 మైక్రోవోల్టులే. కొలతలో అంత పొరపాటు నిలిచిపోతే రోజుకు 24 మిల్లీఆంపియర్ అవర్ల లెక్క తప్పుతుంది.

రెసిస్టర్ విలువ దగ్గర ఇంకో ఉచ్చు ఉంది. నోకియా ఎన్900 ఫోన్‌లో కరెంట్ కూడే బీక్యూ27200 చిప్‌నే తీసుకోండి. లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లోని డ్రైవర్ దాని కరెంట్ రీడింగ్‌ను 3570తో గుణించి 20తో భాగిస్తుంది. ఆ 20 అనేది మిల్లీఓమ్‌లలో చెప్పిన రెసిస్టర్ విలువ, లెక్కలో వచ్చేది మైక్రోఆంపియర్లు. మీ బోర్డు మీద 10 మిల్లీఓమ్‌లది ఉంటే, కోడ్ మార్చకపోతే, కరెంట్ అసలులో సగమే కనిపిస్తుంది. ఎర్రర్ రాదు, ఏమీ రాదు. నన్నడిగితే ఇలాంటి తప్పులే అన్నిటికన్నా ప్రమాదం. మల్టీమీటర్ పెట్టి ఒకసారి సరిచూసుకుంటే టెన్షన్ ఉండదు.

ఫోన్‌కైతే నా ఓటు కూలుంబ్ కౌంటర్‌కే, కానీ ఒంటరిగా కాదు. ఫోన్ చాలాసేపు ఊరికే పడి ఉన్నప్పుడు వోల్టేజీ నిజం చెబుతుంది కాబట్టి, అప్పుడు దానితో లెక్క సరిదిద్దుకోవాలి. కరెంట్ పెద్దగా మారని చిన్న పరికరాలకు వోల్టేజీ ఒక్కటీ చాలు.

శాతం సంగతి అలా ఉంచి, రెండు ఫోన్ల బ్యాటరీలను పోల్చాలంటే శక్తిని కొలిచే మైక్రోవాట్ అవర్లు మేలు. 2250 మిల్లీఆంపియర్ అవర్ల సెల్స్ రెండు సిరీస్‌లో ఉన్నా మిల్లీఆంపియర్ అవర్ల లెక్క 2250 దగ్గరే ఆగుతుంది, శక్తి మాత్రం రెట్టింపు. లైనక్స్‌లో ఛార్జ్‌కూ (ఆంపియర్ అవర్లు) ఎనర్జీకీ (వాట్ అవర్లు) వేర్వేరు ఫైళ్లున్నాయి. చిప్ నేరుగా కొలిచింది ఏదో అదే డ్రైవర్ చూపించాలి. కొలవని దాన్ని డ్రైవర్‌లోనే ఊహించి శాతంగా చూపొద్దని లైనక్స్ కెర్నెల్ (దాని మూల భాగం) డాక్యుమెంటేషన్ కూడా చెబుతుంది.