పాత కారు ఏసీ పరీక్ష: విజయనగరంలోని ఒక మెకానిక్ షాపుపై సమీక్ష

పదేళ్లు దాటిన కారును కొనే ముందు దాని ఏసీని విజయనగరంలోని ఒక చిన్న ఏసీ షాపులో పరీక్ష చేయించాను; అక్కడి పనితనం నాకు ఎంతో నచ్చింది. గ్యాస్ నింపిస్తే సరిపోతుందని అమ్మకందారు చెప్పిన మాటను మెకానిక్ ఒప్పుకోలేదు. ఏసీలో చల్లదనాన్నిచ్చే ఆర్-134ఏ గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదని, మూసి ఉన్న గొట్టాలలోనే తిరుగుతుంది కనుక బాగా తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టేనని ఆయన ఓపికగా వివరించారు.

గ్యాస్ ఒత్తిడిని కొలిచే గేజీలు తగిలించి, గ్యాస్‌ను నొక్కి తిప్పే కంప్రెసర్ క్లచ్ మాటిమాటికీ పడుతూ విడిపోతుండటాన్ని గ్యాస్ తగ్గిందనడానికి గుర్తుగా చూపించారు. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిల్ కూడా తిరుగుతుంది కాబట్టి, లీకైన చోట జిడ్డు మరక ఏర్పడుతుంది. మాకు అది గ్యాస్‌లోని వేడిని బయటికి వదిలే కండెన్సర్ మీద కనిపించింది. భోగాపురం, కళింగపట్నం వంటి తీర ప్రాంతాలలో తిరిగే బండ్లకు ఉప్పుగాలి సోకుతుంది కనుక, కారు ముందు భాగంలో ఉండే ఈ కండెన్సర్ రెక్కలను తప్పనిసరిగా చూడాలి. అదే కారు లోపలి గాలిని చల్లబరిచే ఇవాపరేటర్‌లో లీకైతే చాలా కార్లలో డ్యాష్‌బోర్డు విప్పవలసి వస్తుంది, కూలీ భారమవుతుంది.

మధ్యాహ్నపు ఎండలో, బండిని కదపకుండా ఇంజిన్ నడిపి చూడటం వీరి పద్ధతిలో నాకు అన్నిటికన్నా నచ్చిన విషయం, ఎందుకంటే వేగంగా వెళ్లేటప్పుడు ఎదురుగాలి కప్పిపుచ్చే కండెన్సర్ ఫ్యాను లోపం అప్పుడే బయటపడుతుంది. ఫలితాన్ని నోటితో చెప్పడమే తప్ప కాగితం మీద రాసి ఇవ్వకపోవడం ఒక్కటే లోటు. ఆ చీటీ ఉంటే బేరం మరింత సులువయ్యేది.