బైక్ చైన్ సెట్ కొనేవాళ్లకు హెచ్చరిక: డబ్బా చూసి మోసపోకండి, వెనక స్ప్రాకెట్ చూడండి

కొత్త చైన్ సెట్ వేయించిన మూడు నాలుగు వేల కిలోమీటర్లకే వెనక స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ల చక్రం) పళ్లు కొక్కేల్లా వంగాయా? చాలాసార్లు తప్పు బండి నడిపినవాళ్లది కాదు. పేరున్న కంపెనీ డబ్బాలో, పళ్లకు హార్డెనింగ్ (ఉక్కును గట్టిపరచడం) చేయని లోకల్ స్ప్రాకెట్ పెట్టి అంటగడుతున్నారు.

బిగించకముందే పన్ను అంచున ఆకురాయితో ఒక్క గీత గీయమనండి. గట్టి పన్ను మీద ఆకురాయి జారిపోతుంది, మెత్తటిదైతే పొడి రాలుతుంది. గీయనివ్వకపోతే ఆ సెట్ వద్దనండి.

అంతకన్నా ప్రమాదం మధ్య రంధ్రం. స్ప్రాకెట్ హబ్ (చక్రం నడిమి భాగం) మీద కదలకుండా కూర్చోవాలి. రంధ్రం పెద్దదైతే బోల్టులు ఎంత బిగించినా అది ఓ పక్కకే ఉంటుంది. చక్రం తిప్పితే చైన్ ఒకచోట బిగుసుకుని, ఇంకోచోట వేలాడుతుంది. "కొత్తది కదా, రెండ్రోజుల్లో సర్దుకుంటుంది" అంటారు. సర్దుకోదు. ఆ బిగుతు చక్రం బేరింగ్‌నూ, గేర్‌బాక్స్ షాఫ్ట్ బేరింగ్‌నూ తినేస్తుంది.

చైన్ పాతదే ఉంచి స్ప్రాకెట్ ఒక్కటే మార్చమనే సలహా వినకండి. సాగిన చైన్ కొత్త పళ్ల కొనల మీదికెక్కి వాటినీ అరగదీస్తుంది. 428 సైజు చైన్‌ను లాగిపట్టి 21 పిన్నుల దూరం, మొదటి పిన్ను మధ్య నుంచి చివరి పిన్ను మధ్యకు, కొలవండి. కొత్తదానికి 254 మి.మీ. ఉండాలి. 259 దాటితే చైన్, ముందు వెనక స్ప్రాకెట్లు రెండూ కలిపి మార్చాల్సిందే. పళ్ల సంఖ్య పాతదానితో సరిచూసుకోండి.

బిగించేటప్పుడు దగ్గరే నిలబడండి. స్ప్రాకెట్ బోల్టులు వదులవకుండా పట్టి ఉంచే లాక్ ప్లేట్లను ఒకసారి వంచాక మళ్లీ వంచితే విరుగుతాయి, కొత్తవి వేయించి చెవులు బోల్టు అంచుకు ఆనేలా వంపించండి. చైన్ రెండు కొసలనూ కలిపే లాక్ క్లిప్ మూసిన కొన, చైన్ కదిలే దిక్కుకే ఉండాలి. తిరగబడితే క్లిప్ ఊడి, చైన్ నడుస్తుండగానే తెగిపడుతుంది. హబ్ రబ్బర్లు నలిగుంటే అవీ మార్పించండి. చైన్ వదులు, అంటే పైకీ కిందికీ ఎంత ఊగుతుందో, బాగా బిగుతైన చోటే కొలవాలి. మామూలు కమ్యూటర్ బండికి 20 నుంచి 30 మి.మీ., అయినా మీ బండి పుస్తకంలో ఉన్నదే లెక్క. స్వింగార్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చట్రం) మీది గీతలు రెండువైపులా సమానంగా ఉండాలి.

తర్వాత 500 కి.మీ.కోసారి కిరోసిన్‌తో తుడిచి, 90 నంబరు గేర్ ఆయిల్ పట్టించండి. పెట్రోల్ వాడొద్దు. ఇంజన్ ఆపి, చక్రం చేత్తోనే తిప్పండి. గేర్లో నడుస్తున్న చైన్ గుడ్డతో పాటు వేళ్లనూ లాగేస్తుంది.

బిల్లు మీద పార్ట్ నంబరు తప్పక రాయించండి. షాపువాడు మాట మారిస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. బిల్లు, డబ్బా, అరిగిన స్ప్రాకెట్ మూడూ దాచి ఉంచండి.