ఫార్మాట్ కానని మొండికేసే హార్డ్‌డిస్కులు: డిస్క్‌పార్ట్ ఏళ్ల తరబడి వాడాక సమీక్ష

విండోస్‌లో హార్డ్‌డిస్క్ ఫార్మాట్ కాకపోతే చాలామంది వెంటనే ఏదో ఒక ఉచిత పార్టిషన్ సాఫ్ట్‌వేర్ దింపుకుంటారు. నిజానికి దాని అవసరం పడేది చాలా తక్కువ. విండోస్‌తోనే వచ్చే, కమాండ్లు టైప్ చేసి డిస్కులను సరిచేసుకునే డిస్క్‌పార్ట్ అనే పనిముట్టు ఎక్స్‌పీ కాలం నుంచీ ఉంది, విండోస్ 11లోనూ దాదాపు అదే రూపంలో ఉంది. అన్ని రకాల డిస్కుల మీదా దీన్ని వాడాక నా అభిప్రాయం ఇది: పార్టిషన్ పట్టిక (డిస్కును ఏ భాగాలుగా విడగొట్టారో రాసి ఉండే జాబితా) గందరగోళమై ఫార్మాట్ కాని డిస్కుకి దీన్ని మించింది లేదు. జబ్బు డిస్కు లోపలే ఉంటే మాత్రం ఇది ఏమీ చేయలేదు. అయితే అది చూపించే ఎర్రర్‌ను బట్టి జబ్బు కేబుల్‌లో ఉందా, కరెంటులో ఉందా, డేటా రాసి ఉండే లోపలి పళ్లెంలో ఉందా అన్నది చాలావరకు తెలిసిపోతుంది. నేను దీన్ని వదలకపోవడానికి అసలు కారణం అదే.

వాడే వరస చిన్నది. సీఎండీని (కమాండ్ ప్రాంప్ట్) అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి డిస్క్‌పార్ట్ అని కొట్టాలి. తర్వాత లిస్ట్ డిస్క్, సెలెక్ట్ డిస్క్ 1 (మీ డిస్కు నంబరు ఏదైతే అది), డీటెయిల్ డిస్క్, క్లీన్, కన్వర్ట్ జీపీటీ (పార్టిషన్ పట్టికలో కొత్త పద్ధతి), క్రియేట్ పార్టిషన్ ప్రైమరీ, ఫార్మాట్ ఎఫ్ఎస్=ఎన్‌టీఎఫ్ఎస్ క్విక్, చివరికి అసైన్. ఇందులో డీటెయిల్ డిస్క్ మాత్రం ఎంత తొందర ఉన్నా వదలకూడదు. లిస్ట్ డిస్క్‌లో నంబరు, సైజు ఉంటాయి కానీ మోడల్ పేరు ఉండదు. సిస్టమ్‌లో ఒక టీబీ డిస్కులు రెండుంటే రెండూ 931 జీబీ అనే కనిపిస్తాయి. పైగా యూఎస్‌బీ డిస్కు తీసి మళ్లీ పెడితే నంబరు మారొచ్చు. క్లీన్ అని కొట్టాక "ఖాయమా?" అని అడగడం లేదు, వెంటనే పని కానిచ్చేస్తుంది. ఇన్నేళ్లలో మైక్రోసాఫ్ట్ ఇక్కడ ఒక్క ప్రశ్న పెట్టకపోవడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. మార్కులు తగ్గించాల్సింది మొదట ఇక్కడే.

క్లీన్ చేసేది పార్టిషన్ సమాచారాన్ని చెరిపేయడం మాత్రమే. ఇంటి ముందు నేమ్‌బోర్డు పీకేసినట్టు, లోపల సామాను అలాగే ఉంటుంది. అందుకే రెండు మూడు సెకన్లలో అయిపోతుంది. పొరపాటున వేరే డిస్కు మీద కొట్టినా దాని మీద కొత్తగా ఏమీ రాయకుండా ఆపేసి, టెస్ట్‌డిస్క్ అనే ఉచిత రికవరీ సాఫ్ట్‌వేర్‌తో పాత పార్టిషన్లు వెతికితే చాలాసార్లు దొరుకుతాయి. ఆ గాబరాలో కొత్త పార్టిషన్ చేసి ఫార్మాట్ కూడా కొట్టేస్తే ఆ అవకాశం బాగా సన్నగిల్లుతుంది. డేటా పూర్తిగా పోవాలంటే క్లీన్ ఆల్ వాడాలి. అది డిస్కులోని ప్రతి సెక్టార్‌లోనూ (డేటా రాసుకునే చిన్న గడి) సున్నాలు రాస్తుంది.

ఉట్టి క్లీన్‌తో తీరిపోయే కేసులు కొన్ని ఉన్నాయి. సీసీటీవీ డీవీఆర్ నుంచి తీసిన డిస్కు, లినక్స్ వేసి ఉన్న డిస్కు, టీవీకి రికార్డింగ్ కోసం తగిలించిన డిస్కు, మ్యాక్‌లో వాడిన డిస్కు. మ్యాక్ డిస్కులో మొదట 200 ఎంబీ ఈఎఫ్ఐ పార్టిషన్ (బూట్ కోసం కేటాయించేది) ఉంటుంది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో దాని మీద రైట్ క్లిక్ చేస్తే డిలీట్ వాల్యూమ్ మసకబారి కనిపిస్తుంది, నొక్కడానికి కుదరదు. మిగతా డేటా ఉంచి ఆ ఒక్కటే తీసేయాలంటే దాన్ని సెలెక్ట్ పార్టిషన్‌తో పట్టుకుని డిలీట్ పార్టిషన్ ఓవర్‌రైడ్ అని కొట్టాలి. బిట్‌లాకర్ (విండోస్ ఎన్‌క్రిప్షన్) తాళం పడిన డిస్కు కూడా డేటా అక్కర్లేదంటే క్లీన్‌తో ఖాళీ అయిపోతుంది, కీ అడగదు.

ఇక ఎర్రర్ల సంగతి. అసలు పని మొదలయ్యేది ఇక్కడే.

"మీడియా ఈజ్ రైట్ ప్రొటెక్టెడ్" అని వస్తే అట్రిబ్యూట్స్ డిస్క్ క్లియర్ రీడ్ఓన్లీ కొట్టి, మళ్లీ అట్రిబ్యూట్స్ డిస్క్ అని చూడాలి. అందులో రీడ్-ఓన్లీ అని ఒక వరుస, కరెంట్ రీడ్-ఓన్లీ స్టేట్ అని ఇంకో వరుస ఉంటాయి. రీడ్-ఓన్లీ దగ్గర నో, కరెంట్ రీడ్-ఓన్లీ స్టేట్ దగ్గర ఇంకా యెస్ అని ఉంటే అడ్డు విండోస్ పెట్టిన గుర్తులో లేదు. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే బయటి డిస్కుల మీద రాయకుండా పాలసీ పెట్టి ఉండొచ్చు, అదే డిస్కును ఇంట్లో సిస్టమ్‌కు తగిలిస్తే తేలిపోతుంది. పెన్‌డ్రైవ్, ఎస్ఎస్‌డీ అయితే లోపలి ఫ్లాష్ అరిగిపోయి కంట్రోలరే రాతను ఆపేసి ఉండొచ్చు. దానికి రిజిస్ట్రీ చిట్కాలు ఎన్ని చేసినా టైం దండగ.

"ఐ/ఓ డివైస్ ఎర్రర్" గానీ, "సైక్లిక్ రిడండెన్సీ చెక్" గానీ వస్తే డిస్కు పోయిందని అప్పుడే అనకండి. ముందు కేబుల్ మార్చండి, పోర్టు మార్చండి. తర్వాత డిస్కు ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్ తెరిచి, డిస్కు తన గురించి తానే రాసుకునే స్మార్ట్ లెక్కల్లో నాలుగు అంకెలు చూడాలి: 5, 197, 198, 199. ఆ పట్టికలో ఈ నంబర్లు 05, సీ5, సీ6, సీ7 అని ఉంటాయి. రా విలువలు (అసలు లెక్కలు) కూడా మొదట హెక్సాలో, అంటే 16 ఆధారంగా లెక్కించే పద్ధతిలో చూపిస్తుంది కాబట్టి 10 అని కనిపిస్తే అది 16 అని గుర్తుంచుకోవాలి. ఫంక్షన్ మెనూలోని అడ్వాన్స్‌డ్ ఫీచర్‌లోకి వెళ్లి రా వాల్యూస్‌ను డెసిమల్‌కు మార్చుకుంటే ఈ బాధ ఉండదు. 199 పెరుగుతూ ఉంటే తప్పు దాదాపు ఎప్పుడూ డిస్కును మదర్‌బోర్డుకు కలిపే సాటా కేబుల్‌దీ, కనెక్టర్‌దీ. కేబుల్ మార్చాక ఆ అంకె తగ్గదు, ఇక పెరగకపోతే చాలు. 5 అంటే ఇప్పటికే పక్కనపెట్టి వేరే చోటుకి మార్చిన సెక్టార్లు. 197 అంటే చదవలేక తేల్చకుండా పెండింగులో ఉంచినవి. 198 అంటే డిస్కు తనను తాను పరీక్షించుకున్నప్పుడు చదవలేకపోయినవి.

ఈ 197 దగ్గరే క్లీన్ ఆల్ ఉపయోగం తెలుస్తుంది. పెండింగ్ సెక్టార్‌ను డిస్కు ఊరికే మార్చదు. దాని మీద కొత్తగా రాసినప్పుడే అది బాగుందో లేదో తేల్చుకుంటుంది. క్విక్ ఫార్మాట్ ఆ సెక్టార్లను తాకదు కాబట్టి ఎన్నిసార్లు చేసినా లాభం లేదు. క్లీన్ ఆల్ అయ్యాక 197 సున్నాకి వచ్చి 5 కదలకపోతే, రాస్తుండగా కరెంటు పోవడం లాంటి కారణంతో చెడిన రాతే తప్ప పళ్లెం బాగానే ఉందని అర్థం. 197 తగ్గి 5 అంతమేర పెరిగితే పాడైన చోట్లు నిజంగానే ఉన్నాయి. ఇంకోసారి నడిపినప్పుడు మళ్లీ పెరిగితే ఆ డిస్కులో సినిమాలు కూడా పెట్టకండి. క్లీన్ ఆల్ మధ్యలోనే ఐ/ఓ ఎర్రర్‌తో ఆగిపోతే ప్రత్యామ్నాయ సెక్టార్లు అయిపోయాయో, చదివి రాసే హెడ్ బలహీనపడిందో అయి ఉంటుంది. ఇంట్లో చేయగలిగింది ఇక లేదు.

క్లీన్ ఆల్‌తో నా రెండో ఫిర్యాదు, అది ఎంతవరకు వచ్చిందో చూపించదు. కర్సర్ మినుకుమంటూ గంటలు గడుస్తాయి. సెకనుకు 100 ఎంబీ చొప్పున రాసే 1 టీబీ డిస్కుకి దాదాపు 2 గంటల 45 నిమిషాలు పడుతుంది. అదే యూఎస్‌బీ 2.0 పోర్టులో 30 నుంచి 35 ఎంబీకి మించదు కాబట్టి 8, 9 గంటలు. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్ తెరిచి ఆ డిస్కు రాత వేగం చూస్తూ ఉండాలి. వేగం సున్నాకి పడి, యాక్టివ్ టైం మాత్రం 100 శాతం దగ్గర నిలబడిపోతే ఒకే చోట చిక్కుకుందని లెక్క. మొదలుపెట్టే ముందు సిస్టమ్ స్లీప్‌లోకి పోకుండా సెట్ చేసుకోండి. నేనైతే చాలాసార్లు క్లీన్ ఆల్ బదులు క్లీన్ చేసి, పార్టిషన్ కట్టి, ఫార్మాట్‌లో క్విక్ అనే మాట తీసేస్తాను. విస్టా నుంచి పూర్తి ఫార్మాట్ కూడా పార్టిషన్ అంతటా సున్నాలు రాస్తుంది, శాతం కూడా చూపిస్తుంది. ఎక్స్‌పీలో మాత్రం అది చదివి చూసేదే తప్ప రాసేది కాదు. అందుకే ఎక్స్‌పీ రోజుల పాత సలహాలు ఇప్పుడు అతకవు.

"క్లీన్ ఈజ్ నాట్ అలౌడ్" అంటూ బూట్, సిస్టమ్, పేజ్‌ఫైల్ అని చాంతాడంత మెసేజ్ వస్తే అది విండోస్ నడుస్తున్న డిస్కు, లేదా పేజ్‌ఫైల్ (విండోస్ మెమరీకి తోడుగా వాడుకునే ఫైలు) ఉన్న డిస్కు. విండోస్ ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, మొదటి తెర మీద షిఫ్ట్+ఎఫ్10 నొక్కితే సీఎండీ వస్తుంది, అక్కడ చేయొచ్చు. అయితే అక్కడ డిస్కు నంబర్లు వేరుగా ఉండొచ్చు, పెన్‌డ్రైవ్ కూడా జాబితాలో ఒక డిస్కుగా చేరుతుంది. "యాక్సెస్ ఈజ్ డినైడ్" వస్తే ఆ డ్రైవ్ తెరిచి ఉన్న కిటికీలు మూసి, ఆఫ్‌లైన్ డిస్క్, ఆన్‌లైన్ డిస్క్ కొట్టి మళ్లీ క్లీన్ చేయండి. ఒకోసారి మొదటి క్లీన్ ఎర్రర్ ఇచ్చి, వెంటనే కొట్టిన రెండోది అయిపోతుంది.

ఫార్మాట్ కొంతదూరం నడిచి, డిస్కు ఉన్నట్టుండి మాయమైపోతే అనుమానం కరెంటు మీద పెట్టండి. 2.5 అంగుళాల డిస్కు తిరగడం మొదలుపెట్టేటప్పుడు 5 వోల్టుల మీద ఒక ఆంపియర్ దాకా లాగొచ్చు. యూఎస్‌బీ 2.0 పోర్టు ప్రమాణం ప్రకారం ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 ఇచ్చేది 900. క్యాబినెట్ ముందువైపు పోర్టు, సన్నటి పొడుగాటి కేబుల్ కలిస్తే చదవడం సాగుతుంది, ఆపకుండా రాయడం మొదలుపెట్టగానే డిస్కు పడిపోతుంది. డెస్క్‌టాప్ అయితే వెనక పోర్టుకి పెట్టండి. 3.5 అంగుళాల డిస్కుకి 12 వోల్టులు కావాలి, అడాప్టర్ లేని కేసింగ్‌తో (డిస్కును పెట్టుకునే యూఎస్‌బీ డబ్బా) అది అసలు తిరగదు.

కేసింగ్ కూడా మోసం చేస్తుంది. పాత కేసింగుల్లో, డాకుల్లో ఉండే బ్రిడ్జ్ చిప్ (సాటాను యూఎస్‌బీగా మార్చేది) 2 టీబీ దాటి లెక్కపెట్టలేదు. 3 టీబీ డిస్కు 746 జీబీగా కనిపించిందంటే కారణం ఇదే. కొన్ని రెడీమేడ్ ఎక్స్‌టర్నల్ డిస్కుల బ్రిడ్జ్ సెక్టార్‌ను 4096 బైట్లుగా చూపిస్తుంది, ఇంకొన్ని డేటాను ఎన్‌క్రిప్ట్ చేస్తాయి. అలాంటి డిస్కును ఊడదీసి మదర్‌బోర్డుకి తగిలిస్తే రా (RAW, అంటే విండోస్ గుర్తుపట్టలేని పార్టిషన్) అని చూపిస్తుంది. డేటా కావాలంటే పాత కేసింగ్‌లోనే పెట్టి చదవాలి. అక్కర్లేకపోతే నేరుగా సాటాకి తగిలించి క్లీన్ చేయడం మేలు. అనుమానం ఉన్న ఏ డిస్కునైనా నేను చివరి తీర్పు ఇచ్చేది సాటా మీద చూశాకే. 4 టీబీ డిస్కులో 2048 జీబీ మాత్రమే ఫార్మాట్ అవుతుంటే అది ఎంబీఆర్ (పార్టిషన్ పట్టికలో పాత పద్ధతి) హద్దు. క్లీన్ చేసి జీపీటీకి మార్చితే సరిపోతుంది.

లిస్ట్ డిస్క్‌లో సైజు 0 బీ అని, నో మీడియా అని వచ్చిందా, అక్కడితో ఆపేయండి. డిస్కు తనను నడిపించే ఫర్మ్‌వేర్‌నే చదువుకోలేకపోతూ ఉండొచ్చు. డేటా ముఖ్యమైతే రికవరీ వాళ్ల దగ్గరికి వెళ్లాలి. కరెంటు పెట్టి తీసి పెట్టి తీసి చూడకండి.

సైజు సరిగానే ఉండి, స్మార్ట్ అంకెలు శుభ్రంగా ఉండి, ఎక్కడ రాసినా తక్షణం ఐ/ఓ ఎర్రర్ వస్తే మాత్రం ఆలోచించాలి. పాత ల్యాప్‌టాప్ నుంచి తీసిన డిస్కుకి బయాస్‌లో హార్డ్‌డిస్క్ పాస్‌వర్డ్ పెట్టి ఉండొచ్చు. లినక్స్ లైవ్ యూఎస్‌బీతో బూట్ చేసి, హెచ్‌డీపార్మ్ అనే కమాండ్‌కి పెద్ద ఐ (-I) ఆప్షన్ ఇచ్చి నడిపితే సెక్యూరిటీ భాగంలో లాక్డ్ అని కనిపిస్తుంది. డిస్క్‌పార్ట్ ఈ విషయం చెప్పలేదు.

సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా వచ్చే సర్వర్ల కోసం చేసిన ఎస్ఏఎస్ రకం డిస్కులదీ ఇలాంటి చిక్కే. వాటికి మామూలు సాటా పోర్టు పనికిరాదు, వాటిని కలపడానికి హెచ్‌బీఏ అనే ప్రత్యేక కార్డు కావాలి. కార్డు పెట్టినా, స్టోరేజ్ పెట్టెల్లోంచి వచ్చిన చాలా డిస్కుల్లో సెక్టార్ 512 కాకుండా 520 బైట్లు ఉంటుంది. విండోస్ దాన్ని ఇనిషియలైజ్ చేయలేదు. లినక్స్‌లో ఎస్‌జీ3_యుటిల్స్ ప్యాకేజీ వేసుకుని, ఎస్‌జీ_ఫార్మాట్‌కి ఫార్మాట్ ఆప్షన్‌తో పాటు సైజు 512 అని ఇస్తే డిస్కు తనంతట తానే మొత్తం మళ్లీ ఫార్మాట్ చేసుకుంటుంది. పెద్ద డిస్కుకి చాలా గంటలు పడుతుంది. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటి నుంచీ చేయాల్సి వస్తుంది కాబట్టి యూపీఎస్ ఉన్న సిస్టమ్ మీదే పెట్టండి.